ఎడమ చెంప

కైరో, దొక్కీ
1984 అక్టోబర్

వగీదా అక్కా,

ఫోన్ చేయలేదని కోప్పడకు. నేను ఫోన్ చేస్తే మీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నీతోపాటు మిగతా ఆపరేటర్లూ వింటారని చెప్పింది నువ్వే. ఈ సంగతి ముందు నీ ఒక్కదానికే తెలియాలి. నాకు సినిమా వచ్చింది. పెళ్లి సీన్లో వెనక పూలు పట్టుకుని నిలబడే వేషం కాదు. ఇస్త్రీ కొట్టువాడి భార్య కరీమా వేషం. కథంతా ఆమెదే. తీసేది హిల్మీ సబ్బాన్, భర్తగా వేసేది రాఫత్ నూహ్. సినిమా పేరు ‘తెల్ల చొక్కాలు’.

సంతోషంగా రాస్తున్నాననుకుంటున్నావు కదూ. సగం సంతోషం, సగం మంట. మొదటి రోజు ఆఫీసుకి వెళ్తే సబ్బాన్ నన్ను కూర్చోమని కూడా అనలేదు. “ఆ షాంపూ ప్రకటనలోది నువ్వేనా? ఏదీ, తల అలా తిప్పు” అన్నాడు. తిప్పాను. జుట్టు ఎగిరింది. పక్కనున్న నిర్మాత, “డబ్బులు వచ్చేసినట్టే” అన్నాడు. నా పేరు చెబితే నవ్వారు. ఇన్షిరాహ్ అని రాస్తే పోస్టర్ సగం నిండిపోతుందట. ఇకనుంచి నా పేరు షీరా. అడగలేదు, చెప్పారు.

సెట్లో నన్నెవరూ షీరా అని కూడా పిలవడం లేదు. “షాంపూని పిలవండి”, “షాంపూ భోంచేసిందా” అంటారు. నేను స్క్రిప్టు చేతిలో పట్టుకుని కనిపిస్తే వాళ్లకి వేడుక. ఒక డైలాగు గురించి సందేహం అడిగితే సబ్బాన్ నా భుజం తట్టి, “నువ్వు నటించాలని చూడకు తల్లీ. నువ్వు ఊరికే ఉండు, నేను చూసుకుంటాను” అన్నాడు. మూడేళ్లు ఫ్యాషన్ షోలలో వాళ్ల బట్టలు తొడుక్కుని ఊరికే నడిచాను. ఊరికే ఉండటానికే అయితే అక్కడే ఉండేదాన్ని కదా.

అందుకని వాళ్లకి చెప్పకుండా బాబ్ అల్-షారియాలో ఒక ఇస్త్రీ కొట్టుకి వెళ్తున్నాను. నిలబడి పని చూస్తాను, అప్పుడప్పుడూ చేస్తాను. ముంజేయి మీద బొబ్బ ఒకటి వచ్చింది. అమ్మకి చెప్పకు.

నాన్న ఎలా ఉన్నాడు? నా గురించి ఏమైనా అంటాడా?

నీ
ఇన్షిరాహ్


పోర్ట్ సయీద్
1984 నవంబర్

ఇన్షీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత అమ్మకి చదివి వినిపించాను, బొబ్బ సంగతి వదిలేసి. అమ్మ ఆ రాఫత్ నూహ్ పేరు వినగానే చేతిలో చేప కింద పెట్టి, “వాడా? వాడికి నలుగురు పిల్లలు. దూరంగా ఉండమను” అంది. అమ్మకి సినిమాకీ బతుక్కీ మధ్య గోడ లేదు, నీకు తెలుసు కదా.

నాన్న నీ పేరు ఎత్తడు. నీ షాంపూ ప్రకటన వచ్చినప్పుడల్లా లేచి డొమినోలు ఆడటానికి కాఫీ దుకాణానికి పోతాడు. అక్కడా టీవీ ఉంది, ఇంకా పెద్దది. మొన్న ఆయన పాత సావాసగాడు, ఆ ఫెర్రీ మెకానిక్కు, “మీ అమ్మాయి జుట్టు భలే ఉంది కెప్టెన్” అన్నాడట. నాన్న డొమినోలు డబ్బాలో పోసి ఇంటికొచ్చేశాడు. కాలువ మీద ముప్పై ఏళ్లు ఫెర్రీ నడిపి ఎవరిచేతా మాట పడని మనిషి కదా, కూతురి జుట్టు గురించి మాట పడాల్సొచ్చిందని ఆయన బాధ. అది తప్పని నేను చెప్పాను. నువ్వు వెళ్లినప్పుడూ చెప్పాను. ఆయన వినడు.

ఆ సబ్బాన్ మాట నాకు నచ్చలేదు. “నేను చూసుకుంటాను” అనేవాళ్ల గొంతులు రోజూ లైను మీద వింటుంటాను. వాళ్లు చూసుకునేది వాళ్లనే. నువ్వు చేతకాని పిల్లవి కాదు. ఏ సంగతైనా నాకు రాయి. మంచిదీ, చెడ్డదీ. దాచావంటే రైలెక్కి వచ్చేస్తాను, అప్పుడు ఆ షాంపూ అన్నవాళ్లందరి సంగతీ తేలుస్తాను.

నీ అక్క
వగీదా


కైరో
1985 జనవరి

అక్కా,

షూటింగ్ అయిపోయింది. చివరి వారంలో భర్త కొట్టే సీను కూడా తీశారు. రాఫత్ చెయ్యి కాస్త జారింది, అంతే. సీను బాగా వచ్చిందట. అందరూ చప్పట్లు కొట్టారు. సబ్బాన్ నా నుదుటి మీద ముద్దు పెట్టాడు.

జలుబు చేసి తలంతా బరువుగా ఉంది. సెలవులకి వస్తానన్నాను కానీ రాలేను. అమ్మకి నువ్వే ఏదో ఒకటి చెప్పు.

చిన్నగా రాశానని అనుకోకు.

ఇన్షిరాహ్


పోర్ట్ సయీద్
1985 జూలై

ఇన్షిరాహ్,

పూర్తి పేరుతో పిలిచానంటే కోపంగా ఉన్నానని నీకు తెలుస్తుంది.

పండగ రెండో రోజు అమ్మనీ, మా ఆఫీసు అమ్మాయిల్నీ తీసుకుని ‘తెల్ల చొక్కాలు’కి వెళ్లాను. హాలు కిటకిటలాడింది. తెర మీద నిన్ను చూసి అమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఇస్త్రీపెట్టె నువ్వు పట్టుకున్న తీరు చూసి నేనైతే నిన్ను మర్చిపోయాను. కరీమానే చూశాను. ఆ కొట్టే సీను దాకా.

అక్కడ ఏదో మారింది. అప్పటిదాకా ఉన్న మనిషి అక్కడ లేదు. కింద పడింది నువ్వు. ఆ ఏడుపు నాకు తెలిసిన ఏడుపు. చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డప్పుడు ఏడ్చావే, అదే. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఇది నిజంగా కొట్టాడే” అంది. నేను అమ్మని కసిరాను. ఇది సినిమా అమ్మా, నోరు మూసుకో అన్నాను.

మొన్న పత్రిక వచ్చింది. సబ్బాన్ మాటలు మక్కీకి మక్కీ రాస్తున్నాను. “మోడల్స్‌కి ఏడవడం రాదు. వాళ్లకి అద్దం తప్ప ఇంకేం తెలియదు. అందుకే నిజంగా కొట్టమని రాఫత్ చెవిలో చెప్పాను. ఆ అమ్మాయికి తెలియదు. ఆ ఒక్క దెబ్బతో షాంపూ ప్రకటనలోంచి ఒక నటిని బయటికి తీశాను.” కింద ఆయన ఫొటో, నోట్లో చుట్ట.

చెయ్యి జారింది అని నాకు రాశావు. జారిందా?

ఇంకొకటి అడుగుతాను. శుక్రవారం టీవీలో నీ ఇంటర్వ్యూ వచ్చింది. ప్రశ్నలు అడిగే ఆయన నీకు ఎడమపక్క కూర్చున్నాడు. ప్రతి ప్రశ్నకీ నువ్వు ముఖమంతా అటు తిప్పి ఆయన పెదాలు చూశావు. ఒక ప్రశ్నకి ఊరికే నవ్వి ఊరుకున్నావు. ఎంత సిగ్గరి పిల్ల అని మా ఆఫీసు అమ్మాయిలు మురిసిపోయారు. సిగ్గు నీకెక్కడిది? పొద్దస్తమానం చెవికి ఫోను పెట్టుకుని బతికేదాన్ని నేను. నీకు ఏ చెవి వినబడటం లేదు?

ఈసారి అబద్ధం రాయకు.

వగీదా


కైరో
1985 జూలై

అక్కా,

ఎడమ చెవి.

ఇప్పుడు అంతా రాస్తాను. చదివాక చింపెయ్యి. వద్దులే, ఉంచు.

స్క్రిప్టులో ఆ సీను రెండు ముక్కలు. ‘భర్త కొడతాడు. కరీమా ఏడుస్తుంది.’ నాకు అది నచ్చలేదు. కొట్టే సమయానికి ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె ఉంటుంది, కింద ఎవరిదో తెల్ల చొక్కా. దెబ్బ తగిలితే పెట్టె చొక్కా మీదే ఉండిపోతుంది. ఇస్త్రీ కొట్టులో బతికే మనిషి ఏడవడానికి ముందు ఏం చేస్తుంది? చొక్కా కాలకుండా పెట్టె పైకెత్తుతుంది. చెంప మండుతున్నా ముందు చెయ్యి పెట్టె మీదికే పోతుంది. దాన్ని పక్కన పెట్టి, చొక్కా మడతపెట్టి, అప్పుడు భర్త వైపు చూస్తుంది. ఏడవదు. ఆ చూపుకి వాడే తల దించుకోవాలి. ఇది నేను ఆలోచించుకున్నది అక్కా. నెలంతా అద్దం ముందు కాదు, ఇస్త్రీ బల్ల ముందు చేసి చూసుకున్నాను. రాఫత్‌కి చెబితే బాగుందన్నాడు. ఇద్దరం సాధన చేశాం. వాడి అరచెయ్యి నా ముక్కు ముందు నుంచి పోతుంది, నేను తల విసురుతాను. సబ్బాన్‌కి చేసి చూపించాం. ఆవలించి, “బాగుంది, కానివ్వండి” అన్నాడు.

తర్వాత కెమెరా తిరిగింది. రాఫత్ చెయ్యి నా ముక్కు ముందు నుంచి పోలేదు.

ఏదో పేలినట్టు వినబడింది. ఆ తర్వాత ఆ పక్క ఇంకేం వినబడలేదు. కింద పడ్డాను. లేవబోతే నేల ఒరిగిపోయింది. అమ్మా అని అరిచాను. అది స్క్రిప్టులో లేదు, కరీమాకి తల్లి లేదు. “ఆపకండి, ఆపకండి, ముఖం మీదికి రా” అని సబ్బాన్ అరుస్తున్నాడు. కెమెరా నా ముఖం మీదికి వచ్చింది. బల్ల మీద చొక్కా కాలుతోంది. దాని పొగ చూసి ఆయనకి పూనకం వచ్చినంత పనైంది. కాలిన ఆ చొక్కా ఆడదాని బతుక్కి గుర్తని ఒక విమర్శకుడు పేజీడు రాశాడు, చూశావా? అది గుర్తూ కాదు పాడూ కాదు. పెట్టె ఎత్తాల్సిన మనిషిని కొట్టి పడేశారు, అందుకని కాలింది.

చప్పట్లు కొట్టారని రాశాను కదా. నిజమే, కొట్టారు. నేను ఇంకా నేల మీదే ఉన్నాను.

ఇంకోసారి చేద్దాం, నేననుకున్నట్టు చేస్తాను అని బతిమాలాను. “ఎందుకు? బంగారం దొరికాక ఇంకా తవ్వుతారా?” అన్నాడు. సాయంత్రం రాఫత్ బస్బూసా పెట్టె పట్టుకుని గదికి వచ్చాడు. “ఉస్తాద్ చెప్పాడు, నేనేం చేసేది? నా చెయ్యి బరువని నాకు తెలియదు” అన్నాడు. మిఠాయి తీసుకున్నాను అక్కా. తీసుకుని, పరవాలేదు అన్నాను.

కర్ణభేరికి చిల్లు పడింది. జలుబనుకుని వారం ఊరుకున్నందుకు చీము పట్టింది. చిల్లు పూడుతుంది కానీ వినికిడి మునుపటిలా రాదని డాక్టరు చెప్పాడు.

చెవి ఒకటే అయితే ఇంత మండేది కాదేమో. జనం నన్ను రోడ్డు మీద ఆపి, “ఆ ఏడుపు ఎంత బాగా ఏడ్చావమ్మా” అంటున్నారు. నేను చేసినవేవీ వాళ్లకి గుర్తు లేవు. నన్ను కొట్టడం గుర్తుంది. నా మొదటి సినిమాలో జనం మెచ్చుకున్న ఒకే ఒక్క చోట నేను నటించలేదు. అది దెబ్బలు తిన్న ఆడపిల్ల ఏడుపు, దాన్ని టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు.

నిర్మాత నోరు మెదపొద్దన్నాడు. వచ్చే రంజాన్‌కి టీవీ ధారావాహిక ఒకటి తీస్తున్నాడు. ‘పై అంతస్తు’. యాభై ఏళ్లుగా నటిస్తున్న దౌలత్ హానెమ్ అత్తగారు, నేను కోడలు. సబ్బాన్ మీద మాటంటే ఆ వేషం పోతుంది.

ఏం చెయ్యమంటావు?

ఇన్షిరాహ్


పోర్ట్ సయీద్
1985 ఆగస్టు

ఇన్షీ,

నీ ఉత్తరం చింపలేదు. అమ్మకి చదివి వినిపించాను. ఈసారి ఏదీ వదిలెయ్యలేదు. నాన్న పక్క గదిలో ఉన్నాడని తెలిసే గట్టిగా చదివాను.

చదవడం అయ్యాక ఆయన గుమ్మంలోకి వచ్చాడు. “ఆ వీధికి వెళ్లినవాళ్లకి ఆ వీధి మర్యాదే దక్కుతుంది” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు అమ్మ లేచింది. ముప్పై ఐదేళ్ల కాపురంలో అమ్మ ఆయనకి ఎదురు చెప్పడం నేను వినలేదు. గొంతు పెంచలేదు కూడా. “నువ్వు ఈ పిల్లల మీద ఎప్పుడైనా చెయ్యెత్తావా?” అని అడిగింది.

“లేదు.”

“ఎందుకెత్తలేదు?”

“ఎందుకెత్తుతాను? నా పిల్లలు.”

“మరి నువ్వు ఎత్తని చెయ్యి ఎవడో ఎత్తితే, నీకు వాడి మీద రావాల్సిన కోపం దాని మీద వస్తోందేం?”

నాన్న చెప్పులేసుకుని బయటికి పోయాడు. అమ్మ ఆ రోజు వంట చెయ్యలేదు. మర్నాడు చేసింది కానీ ఆయన పళ్లెం బల్ల మీద పెట్టి తను వంటింట్లో తింటోంది.

ఏం చెయ్యమంటావని అడిగావు. నేను ఇక్కడ కూర్చుని నిప్పులోకి దూకమనడం తేలిక, నీ తిండి పోతే నా తిండి పోదు. కానీ నువ్వు ఆ రోజు పరవాలేదు అన్నావే, ఆ మాట నీ గొంతులో ఇరుక్కుని ఉంది. దాన్ని బయటికి తియ్యకుండా ఇంకో డైలాగు నీ నోట ఎలా వస్తుందో నాకు తెలియదు.

పని పోతే ఇంటికి రా. నాన్న సంగతి మేం చూసుకుంటాం. మా ఎక్స్ఛేంజిలో ఖాళీ ఉంది కానీ ఒక చెవితో నిన్ను తీసుకోరు. చూశావా, అది తలుచుకుంటే మళ్లీ ఒళ్లు మండుతోంది.

వగీదా


కైరో
1985 నవంబర్

అక్కా,

నువ్వు పత్రికల్లో చదివే ఉంటావు. వాళ్లు రాసినదాంట్లో నా గౌను రంగు ఒక్కటే నిజం. ఏం జరిగిందో నేను చెబుతాను.

నిర్మాతల వార్షికోత్సవంలో ‘కొత్త ముఖం’ బహుమతి నాకు ప్రకటించారు. చేతికివ్వడానికి సబ్బాన్‌నే పిలిచారు. వేదిక మీద నేను ఆయన దగ్గరికి వెళ్లేసరికి, ఆయన మైకు ముందు నిలబడి నవ్వుతూ నా మీదికి చెయ్యెత్తాడు. కొట్టడానికి కాదు, వేడుకకి. నేను ఉలిక్కిపడి వెనక్కి తగ్గి చేతులతో ముఖం కప్పుకున్నాను. “చూశారా, ఇంకా భయపడుతోంది. మంచి పాఠం మర్చిపోదు” అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. మంత్రులు, వాళ్ల భార్యలు, నాతో ఫ్యాషన్ షోలు చేసిన అమ్మాయిలు, అందరూ.

నేను ముందే ఏమీ అనుకుని వెళ్లలేదు. ఒట్టు. ధన్యవాదాలు చెప్పి దిగుదామనే వెళ్లాను. ఆ నవ్వు విన్నాక చేతులు దించి మైకు దగ్గరికి వెళ్లాను.

“ఈ బహుమతి ఏడుపుకి ఇచ్చారు. ఆ ఏడుపు నాది కాదు, ఉస్తాద్ హిల్మీ కొట్టించినది. అందుకని ఆయన దగ్గరే ఉండనివ్వండి. మిగతా సినిమాలో నేను నటించాను. దాని గురించి ఎవరైనా అడిగితే చెబుతాను. నాకు ఇప్పుడు ఎడమ చెవి సరిగా వినబడదు. మీరు నవ్విన నవ్వు సగమే వినబడింది. అది చాలు.”

ఇంతే. అరిచానని రాశారు, అరవలేదు.

దిగి వస్తుంటే ఎవరూ కదల్లేదు. మూడో వరసలో ఒక ముసలావిడ తన పక్క కుర్చీలోంచి సంచీ తీసి, ఖాళీ చేసి, నన్ను కూర్చోమని సైగ చేసింది. దౌలత్ హానెమ్. మిగతా కార్యక్రమమంతా ఆవిడ పక్కనే కూర్చున్నాను.

తర్వాతవి వరసగా జరిగాయి. షాంపూ కంపెనీ ఒప్పందం రద్దు చేసింది. వాళ్ల షాంపూ సంతోషానికి గుర్తట. ఒక పత్రిక ‘కృతజ్ఞత లేని జుట్టు’ అని శీర్షిక పెట్టింది. నిర్మాత నన్ను పిలిచి ధారావాహికలోంచి తీసేశానన్నాడు. మర్నాడు దౌలత్ హానెమ్ ఆయనకి ఫోన్ చేసింది. ఆ మాటలు నాకు మేకప్ చేసే ఆవిడ చెప్పింది. “కోడలు లేని అత్తని నేను వెయ్యను నాయనా. నా వయసులో కొత్త కోడళ్లతో వేగలేను. ఆ పిల్లే కావాలి, లేదా నాకు బదులు ఇంకొకరిని చూసుకో” అందట. ఆవిడ లేకపోతే టీవీ వాళ్లు ఆ కథ కొనరు. వేషం మిగిలింది.

ఇంకొకటి కూడా చేశాను. నటుల సంఘంలో సబ్బాన్ మీద ఫిర్యాదు పెట్టాను. గుమాస్తా నా కాగితం చదివి, “కొట్టే సీనులో కొట్టారని ఫిర్యాదా?” అని అడిగాడు. అవునన్నాను. “వంటవాడు వండాడని ఫిర్యాదు చేస్తారా?” అన్నాడు. “చావు సీనులో చంపితే కాగితం తీసుకుంటావా?” అని అడిగాను. తీసుకున్నాడు.

ఇన్షిరాహ్


కైరో
1986 మార్చి

అక్కా,

అమ్మ పంపిన ఎండు చేపలు అందాయి. మా మెట్ల నిండా పోర్ట్ సయీద్ వాసన. ఇంటావిడ కిటికీలు తీసి పెట్టింది.

నిర్మాత మారలేదు. కథలో లేని సీను ఒకటి కొత్తగా రాయించి తెచ్చాడు. అత్తగారు కోడల్ని చెంప మీద కొట్టే సీను. ఎందుకని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. “జనం నిన్ను గుర్తుపెట్టుకున్నది దానితోనే. మళ్లీ చూపిస్తే ఊరంతా టీవీ ముందే ఉంటుంది.” నా గాయాన్ని వీళ్లు దుకాణంలో పెట్టి అమ్ముతున్నారు, సరుకు అయిపోతే మళ్లీ తయారు చేస్తున్నారు. సంచీ సర్దుకున్నాను.

దౌలత్ హానెమ్ మేకప్ గది గుమ్మంలో అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. “వెళ్తే వెళ్లు, నిన్నేమీ అనను” అంది. “ఉంటే మాత్రం విను. నా చెయ్యి నీ ముఖానికి జానెడు దూరంలో పోతుంది. యాభై ఏళ్లుగా ఎంతోమంది మొగుళ్లనీ కొడుకుల్నీ కొట్టాను, ఒక్కడి బుగ్గా కందలేదు. చప్పుడు వాళ్లు తర్వాత వేసుకుంటారు. నొప్పి నువ్వు వెయ్యాలి. వెయ్యగలవా?”

వెయ్యగలనన్నాను.

మొదటిసారి ఆవిడ చెయ్యి లేవగానే నా ఒళ్లంతా బిగుసుకుపోయింది. కన్నీళ్లు వచ్చేశాయి. ఆవిడ చెయ్యి దించేసి అందరినీ టీ తాగమని పంపేసింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, చెయ్యి మెల్లగా, చాలా మెల్లగా నా ముఖం ముందు నుంచి జరిపింది. మళ్లీ. మళ్లీ. నా కళ్లు ఆ చేతి వెంట తిరిగేదాకా. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు, ఆవిడకి విసుగు రాలేదు.

సీను ఇది. ముందు గదిలో పెళ్లివారు ఉన్నారు. కోడలు చేతిలో టీ పళ్లెం ఉంది. చెంప మీద దెబ్బ పడుతుంది. పళ్లెం పట్టుకున్న చేతులతో చెంప పట్టుకోలేదు. కప్పులు గలగలమంటాయని భయపడి ముందు వాటిని చూస్తుంది. తర్వాత ముందు గదిలోకి వెళ్లి నవ్వుతూ అందరికీ టీ ఇస్తుంది. అక్కడ ఒకావిడ, “చెంప ఎర్రగా ఉందేమ్మా” అంటే, “పొయ్యి దగ్గర వేడి” అంటుంది. ఈ పళ్లెం ఆలోచన నాది. దర్శకుడు విని, రాసుకుని, “ఇంకేమైనా ఉన్నాయా?” అని అడిగాడు. ఉస్తాద్‌లు అలా కూడా అడుగుతారని నాకు తెలియదు.

ఆవిడ చెయ్యి నన్ను తాకలేదు అక్కా. గాలి కూడా తగల్లేదు.

సంఘం వాళ్లు నా ఫిర్యాదుని చివరికి విచారణకి తీసుకున్నారు. రంజాన్ పండగ అయిన వారంలో. రాఫత్‌ని సాక్ష్యం అడిగితే, “నాకు నలుగురు పిల్లలు, పని కావాలి” అన్నాడు. అమ్మకి చెప్పు, తను చెప్పిన నలుగురు పిల్లలూ నిజమే. కెమెరామన్‌కి ఆ రోజేం గుర్తులేదట. నా ముఖం మీదికి కెమెరా తెచ్చినవాడు. అవతలి పక్క సబ్బాన్, ఆయన వకీలు, ఆయన పొగడ్తలు రాసే ఇద్దరు విమర్శకులు వస్తారట. ఇవతల నేనొక్కదాన్ని. అయినా వెళ్తాను.

ఇన్షిరాహ్


పోర్ట్ సయీద్
1986 మే, రంజాన్

ఇన్షీ,

నిన్న ఆ భాగం వచ్చింది.

ఉపవాసం విడిచాక వీధి వీధంతా టీవీల ముందే ఉంది. పక్కింటివాళ్ల టీవీ చెడిపోయి వాళ్లూ మా ఇంట్లోనే కూర్చున్నారు. నాన్న మామూలుగా కాఫీ దుకాణానికి పోవాలి. పోలేదు. కిటికీ దగ్గర రేడియో బాగు చేస్తున్నట్టు కూర్చున్నాడు. ఆ రేడియో బాగానే ఉంది.

దౌలత్ హానెమ్ చెయ్యి తగల్లేదని నువ్వు రాశావు, నాకు తెలుసు. తెలిసీ నా చెయ్యి నా చెంప మీదికి పోయింది. అమ్మ లేచి నిలబడి టీవీలో ఉన్న ఆ ముసలావిడని నోటికొచ్చినట్టు తిట్టింది. రంజాన్ నెలన్న ధ్యాస కూడా లేదు. నువ్వు టీ ఇస్తూ “పొయ్యి దగ్గర వేడి” అన్నప్పుడు మాత్రం తిట్లు ఆపేసి కూలబడింది. నువ్వు ఒక్క చుక్క ఏడవలేదు, చూసినవాళ్లంతా ఏడ్చారు.

ఇవాళ పొద్దున్న పత్రికలో సబ్బాన్ మళ్లీ మాట్లాడాడు. “నా దెబ్బ వల్లే నేర్చుకుంది” అంటాడు. పత్రికని చేప పొలుసు తియ్యడానికి వాడేశాను, ఫొటో ఉన్న పక్క పైకి పెట్టి.

అది తగల్లేదని నాన్నకి చెప్పాను. నమ్మలేదు. నువ్వు రాసిన ఉత్తరం చూపించమన్నాడు. ఇచ్చాను. చదివి, ఈ కాగితం కింద కాస్త చోటు వదలమన్నాడు. వదులుతున్నాను. ఏం రాస్తాడో నాకు తెలియదు, నేను చూడను. అంటించేది ఆయనే.

వగీదా


చిన్నమ్మాయికి,

నాకు ఉత్తరాలు రాయడం అలవాటు లేదు.

నీ మొదటి సినిమా నేను చూశాను. మీ అమ్మకీ అక్కకీ తెలియదు. మధ్యాహ్నం ఆటకి ఒక్కడినే వెళ్లాను. వాడు నిన్ను కొట్టినప్పుడు లేచి బయటికి వచ్చేశాను. అది నటన కాదని నాకు తెలిసింది. తెలిసి, ఇంటికొచ్చి, వాడి మీద కోపం నీ మీద చూపించాను. మీ అమ్మ అడిగినదానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

నిన్న లేవలేదు. చివరిదాకా చూశాను. తగలకుండా అంత నొప్పి ఎక్కడినుంచి తెచ్చావో నాకు అర్థం కాలేదు. అది పని అని మాత్రం అర్థమైంది. కష్టమైన పని.

ఆ విచారణ రోజు ఎప్పుడో వగీదాకి రాయి. నేను వస్తాను. నాకు వాళ్ల ముందు మాట్లాడటం రాదు, మాట్లాడను. నీకు ఎడమపక్క కూర్చుంటాను. అటువైపు నుంచి ఎవడేమన్నా నేను విని నీకు చెబుతాను.

నాన్న